ఎడమ దిక్కు చప్పుడు

చౌరస్తా దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా ఆ పికప్ బండి ముందు చక్రాల దగ్గర ఎక్కడో "కట్" మనేది. ఒక్కసారి అని ఊరుకుంటే సరే అనుకోవచ్చు. స్టీరింగు తిప్పుతున్నంతసేపూ కట్, కట్ మంటూ, గుంత వస్తే "ధబ్" మని, మళ్లీ తిన్నగా పోతుంటే ఏమీ ఎరగనట్టు నోరు మూసుకునేది. శాంతిరాజ్ పళ్లు కొరికేవాడు.

"ఎడమ దిక్కే," అనేవాడు, పక్కన మనిషి ఉన్నా లేకున్నా. "ఎడమ చక్రం సందుల్నే ఉన్నది, దొంగది. యాడికి పోతది, పడ్త చూడు."

చప్పుడు గురించి ఆయన ఒక మాటంటే ఆ మాటకు తిరుగులేదని కాలనీ మొత్తానికి తెలుసు. రిటైరయ్యేదాకా బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసిన మనిషి. బాయి అంటే ఇక్కడ నీళ్ల బావి కాదు, బొగ్గు గని. పని మొదలుకాకముందే గ్యాంగు కంటే ముందు నడిచి, చేతికర్రతో తలమీది కప్పును కొట్టి చూసి, ఇది నిలబడే కప్పా, కూలే కప్పా అని తేల్చడం సర్దార్ పని. గట్టి రాయి ఖంగున మోగుతుంది. వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. కొట్టేటప్పుడు రెండో అరచేతిని కప్పుకు ఆనించి ఉంచేవాడు. సర్దార్లందరూ చేసేదే కాబట్టి దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. చెప్పుకున్నదల్లా ఆయన చెవి గురించే. ఒకసారి ఆయన "నడువుండ్రి బయటికి" అన్నాక, గ్యాంగు ఇంకా సద్ది గిన్నెలు అందుకుంటుండగానే వెనక కప్పు దిగింది. ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లు తమ పిల్లల పెళ్లిళ్లలో శాంతిరాజ్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. "ఈయన చెవి లేకుంటే మనం లేము" అని వియ్యాలవారికి చూపించేవారు. ఆయన మీసం సర్దుకునేవాడు.

అలాంటి మనిషి, సొంత బండిలో, సొంత కాళ్ల ముందు మోగే చప్పుడును పట్టుకోలేకపోవడమా! ఒంటి మీద పురుగు పాకినట్టుండేది ఆయనకు.

బండి కొన్నది రిటైరయ్యాకే. అప్పటికే దాన్ని ఇద్దరు ముగ్గురు నడిపి, నలిపి, వదిలేశారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, ఒక టెంట్‌హౌస్‌కు కుర్చీలూ, వంట గుండిగలూ, షామియానా కట్టలూ మోసే పని పెట్టుకున్నాడు. ఆదివారం మాత్రం భార్య సుగుణమణినీ, పక్క క్వార్టర్ ముసలి కనకవ్వనూ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకుపోయేవాడు. పొద్దున్నే బనియను మీదే వచ్చి బండి తుడుచుకోవడం చూస్తే, ఆ మనిషి ఇంకా డ్యూటీలోనే ఉన్నాడనిపించేది.

మెకానిక్ గట్టయ్య షెడ్డు బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. రేకుల మీద, చెట్ల మీద, చాయ్ గ్లాసుల మీద కూడా నల్లటి దుమ్ము. మొదటిసారి బండి తెచ్చినప్పుడు గట్టయ్య బుద్ధిగా ఎడమ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"ఒక రౌండ్ కొడ్దాం కాక. ఇన్నంక జెప్త."

మలుపు వచ్చింది. చప్పుడు వచ్చింది. గట్టయ్య తల వంచి విన్నాడు.

"నాకైతే కుడి దిక్కు ఇనబడ్డది కాక. నీ కాళ్ల కింది నుంచే."

శాంతిరాజ్ నడిరోడ్డు మీద బ్రేకు తొక్కాడు. "నా కాళ్ల కింద మోగితే నాకు ఇనబడదా? నువ్వు పుట్టకముందు కెల్లి ఇంటున్న నేను చప్పుళ్లు. ఎడమ దిక్కు ఇప్పు."

గట్టయ్య ఎడమ దిక్కు విప్పాడు. చక్రాన్నీ, దాన్ని మోసే ఇనుప చేతినీ కలిపే బాల్ జాయింట్ కాస్త వదులుగానే ఉంది. "జూసినవా?" అన్నాడు శాంతిరాజ్. కొత్తది వేశారు. ఇంటికి పోయే దారిలోనే చౌరస్తా మలుపులో కట్, కట్!

మళ్లీ షెడ్డు. ఈసారి స్టీరింగు రాడ్డు చివర ఉండే జాయింట్ మార్చారు, ఎడమదే. మళ్లీ చప్పుడు. రబ్బరు బుష్‌లు మార్చారు, ఎడమవే. షాకబ్జర్ మార్చారు, అదీ ఎడమదే. పాత బండితో వచ్చే తంటా ఇదే. దాంట్లో ఏది పట్టుకుని ఊపినా ఎంతో కొంత ఊగుతుంది, ఊగినదల్లా దొంగలాగే కనబడుతుంది. గట్టయ్య ఒకరోజు ఆయన చాయ్‌కి పోయిన సందు చూసి, జాకీ మీద బండిని లేపి కుడి చక్రాన్ని కూడా ఊపి చూశాడు. ఏ కదలికా లేదు. గాలిలో వేలాడే చక్రానికి బరువు ఉండదు కదా, స్ప్రింగు నెట్టుడుకు జాయింట్ బిగుసుకుని మంచిదానిలా నటించింది. దాంతో గట్టయ్యకు తన చెవి మీద తనకే అనుమానం పట్టుకుంది. సర్దార్ కాక అన్నదే నిజమేమో అనుకున్నాడు పాపం.

"కుడి దిక్కు నేను గూడ జూసిన కాక. ఏం లేదు."

"నిన్నెవడు జూడుమన్నడు కుడి దిక్కు!" అని శాంతిరాజ్ అరిచాడు. చాయ్ బండి దగ్గర నిలబడ్డ లారీ డ్రైవర్లందరూ ఇటు తిరిగారు. అంతమంది చూసేసరికి ఆయనకు రోషం ఇంకా ఎక్కింది. "అందరు ఇనుండ్రి! ఈ చప్పుడు ఎడమ దిక్కు కాకుంటే ఈ బండిని ఇనుప సామాన్లోనికి తూకానికి ఇచ్చేస్త. మల్ల స్టీరింగు ముట్ట. సర్దార్ మాట!"

చాయ్ బండివాడు అవునన్నట్టు తలూపాడు. సాయంత్రానికి ఆ మాట కాలనీ అంతటికీ తెలిసిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చికి పోతూ కల్వర్టు దగ్గర మలుపు తిరుగుతుంటే "ధబ్" మన్నది. స్టీరింగు ఆయన చేతుల్లోంచి గుంజుకుంది. బండి కుడికి ఈడ్చింది. ఎదురుగా బొగ్గు టిప్పర్. శాంతిరాజ్ ఒళ్లంతా బలం పెట్టి తిప్పి, పక్కన మట్టిలోకి దింపి ఆపాడు. టిప్పర్ హారన్ కొట్టుకుంటూ పోయింది. 

"కొడుకా," అన్నది కనకవ్వ, "నన్ను చర్చికి తీస్కపోతున్నవా, సమాధులకాడికి తీస్కపోతున్నవా? జర జెప్పు, గట్లనే తయారైత."

సుగుణమణి కనకవ్వను దింపి, తనూ దిగింది. "నేనీ బండి ఎక్క. నువ్వు గూడ ఎక్కకు," అన్నది. తర్వాత బండి ముందు నుంచి చుట్టు తిరిగి ఆయన కిటికీ పక్కకు వచ్చి, చీర కొంగు సర్దుకుంటూ నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నదనుకున్నాడు శాంతిరాజ్. ఆయన ధ్యాసంతా చప్పుడు మీదే ఉంది. ఎడమ దిక్కే! ఇంత స్పష్టంగా వినబడుతుంటే ఎందుకు దొరకదు?

సోమవారం గట్టయ్య ఇక తన వల్ల కాదని సదయ్యకు ఫోన్ చేశాడు. "మీ సర్దార్‌కు నువ్వన్న జెప్పు కాక. ఆయన బండి కాదు, నా పానం పోయేటట్టున్నది." సదయ్య శాంతిరాజ్ గ్యాంగులో పనిచేసినవాడు. సర్దార్ కప్పును కొట్టి చూసేటప్పుడు పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి. వెంటనే వచ్చాడు.

వచ్చిన సంగతి శాంతిరాజ్ చూడలేదు. ఎడమ చక్రం ముందు గొంతు కూర్చుని, పాత అలవాటు కొద్దీ ఒక ఇనుప కడ్డీతో ఒక్కొక్క సామానునూ కొట్టి వింటున్నాడు. నడుము నొచ్చి, కాస్త తల తిప్పితే కనబడింది. తన కుడి పక్కన, చేయి చాపితే అందేంత దగ్గర, సదయ్యా గట్టయ్యా నిలబడి ఉన్నారు. సదయ్య చేతులు తిప్పుతూ లోగొంతుకతో ఏదో చెబుతున్నాడు. గట్టయ్య నోరు తెరిచి వింటున్నాడు. సదయ్య తన కుడి చెవిని ముట్టుకుని, లేదన్నట్టు చేయి ఊపాడు.

రోడ్డు మీద లారీ లేదు. షెడ్డులో ఏ మిషనూ నడవడం లేదు. అయినా శాంతిరాజ్‌కు ఒక్క ముక్క వినబడలేదు.

"ఏం మాట్లాడుతున్నరు?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సదయ్య గబగబా ఆయన వెనక నుంచి చుట్టు తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు. వచ్చాక గానీ నోరు విప్పలేదు. "ఏం లేదన్నా. పానా అడుగుతున్న."

ఎన్ని ఏళ్లుగా చూస్తున్నాడో ఆ చుట్టు తిరగడాన్ని! బాయిలో, యూనియన్ ఆఫీసు ముందు, పెళ్లి పందిళ్లలో సదయ్య ఎప్పుడూ ఇలాగే తిరిగి వచ్చి మాట్లాడేవాడు. సదయ్యే కాదు, అందరూ. మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"పోయి మల్ల అక్కడ్నే నిలబడు," అన్నాడు శాంతిరాజ్. గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "అక్కడికెల్లి మాట్లాడు."

సదయ్య గట్టయ్య వైపు చూశాడు. వేరే దారి లేక కుడి పక్కకు పోయాడు. శాంతిరాజ్ ఎడమ చెవిలో వేలు దూర్చుకున్నాడు. సదయ్య నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ఏమీ లేదు. వేలు తీశాడు. "...మాఫ్ జెయ్యన్నా" అన్న తోక ఒక్కటి వినబడింది.

"ఎప్పటి సంది?"

"మస్తు రోజులాయె అన్నా. ఎప్పుడు పోయిందో మాకు గూడ ఎరుక లేదు. కుడి దిక్కు కెల్లి పిలిస్తే పలుకకపోతుంటివి."

"మరి నాకెందుకు చెప్పలే!"

"నీకు తెల్సనుకున్నం!" సదయ్య కూడా అరిచాడు. "బయటపడితే నిన్ను బాయిలకు దిగనియ్యక మీద కూసోబెడ్తరని నువ్వే దాస్తున్నవనుకున్నం. నువ్వు దాస్తున్నదాన్ని మేమెట్ల బయటపెడ్తం? కుడి దిక్కు నిలవడి సర్దార్‌తోని మాట్లాడొద్దని గ్యాంగుల కొత్తగొచ్చినోనికి ముందుగాల్ల అదే జెప్తుంటిమి."

"దాచిన్నా? నాకు తెలుస్తే గదా దాచేటందుకు!" చేతిలోని కడ్డీని విసిరికొట్టాడు. అది రేకుకు తగిలి పెద్ద మోత చేసింది. ఆ మోత కూడా ఎడమ నుంచే వచ్చినట్టయింది ఆయనకు. కడ్డీ పడ్డది మాత్రం కుడి మూల. అప్పుడర్థమైంది. ఒక్క చెవితో వినేవాడికి లోకంలోని చప్పుళ్లన్నీ ఆ చెవి దిక్కు నుంచే వస్తాయి. బండిలో కాళ్ల కింద మోగినదీ అంతే. గట్టయ్యను అన్ని తిట్లు తిట్టింది ఇందుకా! సిగ్గుతో, కోపంతో ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే," అన్నాడు, "సగం చెవితోని మిమ్మల్ని కప్పు కిందికి తోలుకపోయిన్నా?"

సదయ్య మళ్లీ ఎడమ పక్కకు వచ్చాడు. "నీ చెవిని జూసి దిగలేదన్నా మేము. నువ్వు కర్రతో కొట్టేటప్పుడు నేను లైటు ఎక్కడ కొడ్తుంటి? నీ అరచేతి మీద కొడ్తుంటి. కప్పు డొల్లగుంటే ముందుగాల్ల నీ చేతి ఏళ్లు ఎన్కకు గుంజుకుంటుండె. ఆ ఏళ్లను జూసి మేము ఎన్కకు అడుగేస్తుంటిమి. నువ్వు నోరు తెరిచేది అటెన్క."

శాంతిరాజ్ తన చేతిని చూసుకున్నాడు. దాని గురించి ఎవరూ ఆయనకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

గట్టయ్య గోనెసంచి తెచ్చి బండి ముందు పరిచాడు. "కాక, ఈపారి జాకీ వద్దు. బరువు చక్రాల మీద్నే ఉండనిద్దాం. సదయ్య కాక స్టీరింగును ఇటు అటు ఆడిస్తడు. నువ్వు కిందికి పోయి చెయ్యి పెట్టు."

శాంతిరాజ్ వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. ఎడమ జాయింట్ మీద అరచేయి ఆనించాడు. అది కదిలింది గానీ మెత్తగా, కొత్త సామాను కదిలినట్టు కదిలింది. కుడి దాని మీద పెట్టాడు. సదయ్య స్టీరింగు తిప్పాడు. అరచేతిలో "ఠక్" మని ఒక దెబ్బ. ఆయన వేళ్లు ఆయనకు చెప్పకుండానే వెనక్కి గుంజుకున్నాయి.

విప్పి చూస్తే ఆ జాయింట్‌లో గుండు గూట్లోంచి బయటపడడానికి సిద్ధంగా ఉంది. గట్టయ్య దాన్ని చేతిలో పట్టుకుని దేవుళ్లందరికీ దండం పెట్టాడు. "ఇంకొన్ని రోజులు తిరిగితే నడిరోడ్డు మీద చక్రం పక్కకు ఒరుగుతుండె కాక. నిన్న మీ ముగ్గురికి ఆయుష్షు ఉన్నది."

"కొత్తది ఎయ్యి," అన్నాడు శాంతిరాజ్ లేచి దుమ్ము దులుపుకుంటూ. "ఏసి పొద్దుగాల ఇంటికాడ పెట్టు. తూకానికి ఇచ్చేస్త. మాటన్న గదా."

"అన్నా, గదొక మాటనా..." సదయ్య వెంటపడ్డాడు. ఏ పక్క నుంచి వచ్చాడో ఏమో, శాంతిరాజ్ వినిపించుకోలేదు. ఇంటిదాకా నడిచే పోయాడు. దారిలో పలకరించిన వాళ్లందరూ ఎడమ పక్కకే వచ్చి పలకరించారు. ఎడమ పక్కకు వచ్చిన ప్రతి మనిషినీ కొట్టాలనిపించింది.

సుగుణమణి ఇంటి ముందు బియ్యం చెరుగుతున్నది. ఆయన గుమ్మం ఎక్కకుండానే అడిగాడు.

"నీకు తెల్సా?"

చేట ఆగింది. దేని గురించి అని ఆమె అడగలేదు. "తెల్సు."

"మంచిగున్నది! ఊరందరికి తెల్సు. పెండ్లానికి తెల్సు. నేనొక్కన్నే పిచ్చోన్ని. శాంతిరాజ్ చెవి, శాంతిరాజ్ చెవి అని పెండ్లిల్లల్ల కూసోబెట్టి ఎన్క నవ్వుకుంటుండ్రా అందరు?"

"ఎవ్వరు నవ్వలే హన్న నాయినా." కూతురి పేరుతోనే ఆమె ఆయన్ని పిలుస్తుంది. "నువ్వు దాస్తున్నవనే నేను గూడ అనుకున్న."

"అనుకొని? నీకేం, నీకు సుఖమే అయింది. తిట్టాలన్నప్పుడల్లా కుడి దిక్కు నిలవడి తిట్టుకోవచ్చు."

"తిట్టిన," అన్నది సుగుణమణి. అబద్ధమాడే మనిషి కాదు. "చానసార్లు తిట్టిన. నిన్న కల్వర్టు కాడ గూడ తిట్టిన."

"ప్రార్థన జేస్తున్నవనుకున్న!"

"నీ మొహం." ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. చేటను పక్కన పెట్టింది. "తిట్టుడొక్కటే కాదు. డ్యూటీకి పోయేటప్పుడు నీకు సద్ది గిన్నె ఏ దిక్కు కెల్లి అందిస్తుంటి?"

శాంతిరాజ్ గుర్తు చేసుకున్నాడు. గుమ్మం దగ్గర, సైకిలు పట్టుకున్నాక, ఎప్పుడూ కుడి దిక్కు నుంచే. ఇచ్చి ఒక్క క్షణం అక్కడే నిలబడేది.

"బాయిలకు పోయే మనిషిని పోకు అనద్దు. ఎప్పుడస్తవని అడుగద్దు. ఎన్క కెల్లి పిలువద్దు. ఈ కాలనీల ఏ ఆడిది గూడ అనది. మా అత్త నాకు ముందుగాల్ల నేర్పింది గదే," అన్నది సుగుణమణి. "అనకుంట ఉండుడు నాతోని గాలే. నీకు ఇనబడదని తెల్సినంక రోజు గా చెవి దిక్కు నిలవడి అన్న. పోకు అన్న. ఇయ్యాల పోకు, పిల్ల చిన్నది, పోకు అన్న. నువ్వు రిటైరయ్యేదాక రోజు అన్న."

శాంతిరాజ్ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. కోపం ఎక్కడికీ పోలేదు. దాన్ని ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియడం లేదు.

"ఒక్కసారన్న ఎడమ దిక్కొచ్చి చెప్పరాదా!"

"చెప్తే ఆగుతుంటివా?"

మెట్టు మీద పడ్డ బియ్యపు గింజను ఏరి చేటలో వేస్తూ, "ఆగకపోతుంటి," అన్నాడు.

"అందుకే."

తెల్లవారి గట్టయ్య బండి తెచ్చి ఇంటి ముందు పెట్టి, తాళంచెవి సుగుణమణి చేతికిచ్చి పోయాడు. శాంతిరాజ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇనుప సామానువాడి దగ్గరికి పోవడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకో ఆయనకే తెలియాలి. సుగుణమణి తాళంచెవి ఇచ్చింది. ఆయన ఎక్కి కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. ఆమె అలవాటు చొప్పున వచ్చి కుడి కిటికీ దగ్గర నిలబడింది. పెదవులు కదిలాయి.

శాంతిరాజ్ ఇంజన్ ఆపేశాడు. సీట్లో మొత్తంగా తిరిగి, వీపు స్టీరింగుకు ఆనించి, ఎడమ చెవిని కిటికీలోంచి బయటికి పెట్టాడు. మెడ పట్టేసినా అట్లాగే ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పు."

సుగుణమణి వీధి అటూ ఇటూ చూసింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె అంత సిగ్గుపడలేదు.

"పో," అన్నది. "కుడి దిక్కు అద్దంల జూస్కుంట నడుపు. జల్ది రా. బండితోనే రా."

"మరి సర్దార్ మాట?"

"సర్దార్ రిటైరయిండు," అన్నది సుగుణమణి. "నువ్వు రా."